1/35 హెమ్‌ట్: ఎం977 కిట్‌ని ఎం983 ట్రాక్టర్‌గా మార్చాలంటే ఛాసిస్ ఎక్కడ, ఎంత కోయాలి?

రంపపుపొట్టు అడిగిన ప్రశ్న:

1/35 స్కేల్లో ఆష్‌కాష్ హెమ్‌ట్ ఎం977 ప్లాస్టిక్ మోడల్ కిట్లు రెండున్నాయి. అమెరికా సైన్యానిది, వెనక క్రేన్ ఉండే ఎనిమిది చక్రాల సరుకు లారీ ఇది. ఒకదాన్ని ఉన్నదున్నట్టు కడతాను. రెండోదాన్ని ఎం983 ట్రాక్టర్ చేసి, దానికి పేట్రియాట్ క్షిపణి లాంచర్ ట్రైలర్ తగిలించాలని ఆలోచన. ట్రైలర్ విడిగా ఉంది, లాగే బండే లేదు.

మొత్తం పొడవు చూస్తే ఎం977 10.17 మీటర్లు, ఎం983 8.9 మీటర్లు. తేడా 1.27 మీటర్లు. 35తో భాగిస్తే 36 మి.మీ. పైచిలుకు వస్తోంది. కిట్ ఫ్రేమ్ పట్టుకుని చూస్తే ఇంజనుకూ వెనక ఇరుసులకూ మధ్య అంత ఖాళీ ఉన్నట్టే లేదు. 36 మి.మీ. అక్కడే తీసేస్తే ట్యాంకులు చక్రాల మీద కూర్చుంటాయి.

తెలియాల్సినవి ఇవి. కోత ఎక్కడ పెట్టాలి, ఎంత? అతికాక ఫ్రేమ్ వంగకుండా, మెలి తిరగకుండా ఉండాలంటే ఏం చేస్తారు? ఎనిమిది చక్రాలూ నేలకు తగలడం మామూలు కిట్‌లోనే కష్టం, కోసి అతికిన ఫ్రేమ్‌తో ఎలా? ప్రొపెల్లర్ షాఫ్ట్ సంగతేంటి? ఇదే పద్ధతిలో తర్వాత ఎం984 రెకర్ (చెడిపోయిన బండ్లను ఎత్తి లాగే లారీ) కూడా అవుతుందా?

ఎనిమిదిచక్రాలు:

36 కోయకండి. మొత్తం పొడవులో తేడా అంతా వీల్‌బేస్‌లో లేదు.

హెమ్‌ట్‌కు వీల్‌బేస్ అంటే ముందు జంట ఇరుసుల నడిమధ్య నుంచి వెనక జంట ఇరుసుల నడిమధ్య వరకు. ఎం977కి, అదే కుటుంబంలోని ఎం978 ఇంధన ట్యాంకర్‌కు, ఎం985 సరుకు లారీకి ఇది 210 అంగుళాలు, అంటే 5334 మి.మీ. ఎం983కి 181 అంగుళాలు, 4597 మి.మీ. తేడా 29 అంగుళాలు, 737 మి.మీ. మీ స్కేల్లో 21.05 మి.మీ. మధ్యలోంచి పోయేది అంతే. మిగతా 15 మి.మీ. చిల్లర వెనక తోకది. సరుకు బాడీ, క్రేన్ పోయాక నాలుగో ఇరుసు వెనక అంత ఫ్రేమ్ అక్కర్లేదు. ఎం984 వీల్‌బేస్ 191 అంగుళాలు, 4851 మి.మీ. అక్కడ తీయాల్సింది 13.8 మి.మీ.

జంటలో ఒక ఇరుసు నుంచి ఇంకో ఇరుసుకు 60 అంగుళాలు, 1524 మి.మీ. 1/35లో 43.5. దీన్నిబట్టి రెండో ఇరుసు నుంచి మూడో ఇరుసుకు దూరం ఎం977లో 108.9, ఎం984లో 95.1, ఎం983లో 87.8 రావాలి. ఈ మూడు అంకెలూ కాగితం మీద రాసి బల్లకు అంటించుకోండి. పని మొత్తం వీటి చుట్టూనే తిరుగుతుంది.

కోసేవాళ్లంతా తీసే ముక్కను కొలుస్తారు. కొలవాల్సింది మిగిలేదాన్ని. కిట్‌లో రెండు-మూడు ఇరుసుల మధ్య కచ్చితంగా 108.9 ఉంటుందన్న పూచీ లేదు, అర మిల్లీమీటరు అటూఇటూ ఉండొచ్చు. దాంట్లోంచి 21.05 తీస్తే ఆ తప్పు అలాగే మిగిలిపోతుంది. ముందు కిట్‌ను క్యాలిపర్‌తో కొలిచి, 87.8 మిగిలేలా గీత పెట్టుకోండి. సన్నపళ్ల రంపం కూడా పావు మిల్లీమీటరు దాకా తింటుంది. రంపం ఎప్పుడూ పారేసే ముక్క వైపే నడవాలి. గీత మిగలాలి. ఆ తర్వాత ఆకురాయితో గీత దాకా రండి.

ఎక్కడ కోయాలంటే, ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజను శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) వెనక క్రాస్ మెంబర్ (అడ్డదూలం) దాటాక, వెనక కమాన్ పట్టీల ముందు బ్రాకెట్ కంటే ముందు. రెయిలు, అంటే ఫ్రేమ్ పొడవునా సాగే దూలం, ఎత్తు మారకుండా తిన్నగా సాగే భాగం అది. ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు కోస్తే ఇంజను, గేర్‌బాక్స్ వరస చెదిరిపోతుంది, అటు పోవద్దు. కోతలో ఒక క్రాస్ మెంబర్ వస్తే దాన్ని ముందే ఊడదీసి దాచండి, అతికాక దగ్గర్లోనే మళ్లీ పెట్టాల్సి వస్తుంది. బాడీ బిగించే బ్రాకెట్లు రెయిలు పైనా పక్కనా ఉంటాయి. ట్రాక్టర్‌కు అవి ఉండవు, చెక్కేయండి. వాటి బోల్టు తలలు మాత్రం పదునైన బ్లేడుతో పొర లేపినట్టు తీసి డబ్బాలో వేసుకోండి. ఫిఫ్త్ వీల్ (ట్రైలర్ ముక్కును పట్టే పళ్లెం) పీఠం దగ్గర అన్నీ పనికొస్తాయి.

ఇక తోక. 15 అని లెక్క వచ్చింది కదా అని అదీ గుడ్డిగా కోసేయొద్దు. మొత్తం పొడవులో ఫ్రేమ్ దాటి బయటికొచ్చే భాగాలు కూడా కలిసుంటాయి. పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి పట్టుకోండి. టైరు 16.00ఆర్20, దాని వ్యాసం 1.34 మీటర్లు, 1/35లో 38.3 మి.మీ. ఫొటోలో నాలుగో చక్రం వెడల్పును అడ్డంగా కొలవండి. నిలువుగా కొలిస్తే బరువుకు నలిగిన టైరు తక్కువ చూపిస్తుంది. ఇరుసు మధ్య నుంచి ఫ్రేమ్ చివరికి ఎంతుందో కొలిచి, టైరు వెడల్పుతో భాగించి, 38.3తో హెచ్చవేస్తే మీ అంకె వస్తుంది. ముందు చక్రాన్ని కొలబద్దగా తీసుకోకండి, కెమెరాకు దూరం మారితే లెక్క మారిపోతుంది.

మూలమట్టం:

పైన కొలతల సంగతి తేలింది కాబట్టి అతుకు గురించి.

రెయిలును నిట్టనిలువుగా కోసి మొనకు మొన అతికితే అది నిలవదు. అతుకు వైశాల్యం చాలా తక్కువ. ట్రైలర్ ముక్కు ఫిఫ్త్ వీల్ మీద పెట్టిన రోజే విరుగుతుంది. మెట్టు కోత పెట్టండి. రెయిలు ఎత్తులో సగం దాకా ఒక చోట కోసి, అక్కడి నుంచి 10 మి.మీ. అడ్డంగా వెళ్లి, మిగతా సగం అక్కడ కోయండి. రెండో ముక్కకు దీనికి ఎదురు మెట్టు. మెట్టు కోతలో 10 మి.మీ. రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి, కోయకముందే గీతలు రెండు ముక్కల మీదా గీసి, కలిపాక 87.8 వస్తుందా అని కాగితం మీద సరిచూసుకోవాలి. ఇక్కడ లెక్క తప్పితే తప్పేది సరిగ్గా 10 మి.మీ., అర మి.మీ. కాదు.

ఎడమ, కుడి రెయిళ్ల మెట్లు ఎదురెదురుగా రాకూడదు. ఒకటి 12 నుంచి 15 మి.మీ. ముందుకో వెనక్కో జరపండి. రెండూ ఒకే చోట ఉంటే ఫ్రేమ్ అక్కడ మడత బందులా ఆడుతుంది.

లోపలి వైపు బద్దె తప్పనిసరి. సీ ఆకారపు రెయిలు లోపల సరిపోయే ఎత్తులో 0.5 మి.మీ. ప్లాస్టిక్ షీటు ముక్క, పొడవు 40 మి.మీ. తగ్గకుండా. ఇంకా గట్టిగా కావాలంటే 0.3 మి.మీ. ఇత్తడి రేకు. ఇత్తడికి ప్లాస్టిక్ జిగురు పనిచేయదు, ఎపాక్సీ వాడండి. సూపర్ గ్లూ లాగుడుకు తట్టుకుంటుంది గానీ పక్క నుంచి తగిలే దెబ్బకు టక్కున ఊడుతుంది. ఛాసిస్ అతుకుకు అది పనికిరాదు. బోల్టు తలలు, పైపులు అతికించుకోవడానికి ఉంచుకోండి. బయటి అతుకు గీతకు పలుచటి ప్లాస్టిక్ సిమెంట్ పట్టించి, నొక్కినప్పుడు కరిగిన ప్లాస్టిక్ సన్నటి పూసలా పైకి ఉబికేలా చూడండి. ఆ పూస ఆరాక సాన పడితే పుట్టీ అక్కర్లేదు. తొందరపడి రెండు గంటలకే సానపడితే లోపల మెత్తగా ఉన్న ప్లాస్టిక్ తర్వాత కుంగి, రంగు వేశాక గీత తేలుతుంది. ఒక రోజంతా వదిలేయండి.

జిగ్ (ముక్కలను వరసలో కదలకుండా పట్టే చట్రం) లేకుండా ఈ పనికి దిగొద్దు. 6 మి.మీ. మందం ఎండీఎఫ్ పలక, దాని మీద ఫ్రేమ్ బయటి వెడల్పుకు సరిపడా రెండు అల్యూమినియం కోణాలు సమాంతరంగా బిగించండి. లోపల రెయిళ్ల మధ్య వెడల్పుకు కోసిన రెండు దిమ్మెలు. రెయిళ్లను తలకిందులుగా, పై అంచు పలకకు ఆనేలా పెట్టాలి. ఎందుకంటే నిజం బండిలోనూ మోడల్‌లోనూ తిన్నగా ఉండాల్సిన అంచు అదే, కింద అంచు మారుతూ ఉంటుంది. రెండు రెయిళ్లనూ ఒకేసారి అతకాలి. ఒకటి ఇవాళ, ఒకటి రేపు అంటే రెండూ వేరే వేరే పొడవులొస్తాయి. బట్టల క్లిప్పులు బిర్రుగా పెట్టొద్దు. జిగురుకు మెత్తబడ్డ ప్లాస్టిక్ బిగింపుకు వంగి, అలాగే గట్టిపడిపోతుంది. ఆనించి ఉంచే పాటి ఒత్తిడి చాలు.

మెలి చూడటానికి ఇరుసుల రంధ్రాల్లో నాలుగు తిన్నటి ఉక్కు కడ్డీలు పెట్టి, వెనక నుంచి ఒంటికన్నుతో చూడండి. నాలుగూ ఒకే గీతలో కలిసిపోవాలి. ఒకటి వాలిందంటే జిగురు ఆరకముందే తెలుస్తుంది.

ఎనిమిది చక్రాల బాధకు మందు ఈ బండిలోనే ఉంది. హెమ్‌ట్ ముందు, వెనక జంటలు రెండింటికీ హెండ్రిక్‌సన్ సస్పెన్షనే. కమాన్ పట్టీల కింద ఈక్వలైజర్ బీమ్ నడుమ కీలు మీద ఊగుతుంది, బీమ్ రెండు కొసలకూ రెండు ఇరుసులు. కిట్‌లో దీన్ని కదలకుండా అతికించమంటారు. అతికించకండి. బీమ్ నడుమ 1 మి.మీ. డ్రిల్ చేసి ఇత్తడి పిన్ను వేయండి, ఊగనివ్వండి. చక్రాలన్నీ తొడిగి, అద్దం పలక మీద నిలబెట్టి, ఒక్కో చక్రం కింద మామూలు రాత కాగితం చీలిక పెట్టి లాగండి. మందం 0.1 మి.మీ. ఉంటుంది. ఎనిమిదీ పట్టుకోవాలి. ఏదైనా సులువుగా జారితే ఆ వైపు బీమ్‌ను కాస్త తిప్పి చూడండి. అన్నీ పట్టాక అప్పుడు పిన్ను దగ్గర ఒక చుక్క జిగురు. ఫ్రేమ్‌లో అర మిల్లీమీటరు మెలి ఉన్నా దీంతో సర్దుకుపోతుంది. గతుకుల నేల మీద పెట్టే డయోరమా (నేల, పరిసరాలతో కట్టిన దృశ్యం) అయితే చుక్క కూడా వేయొద్దు.

ఎనిమిదిచక్రాలు:

షాఫ్ట్ మర్చిపోయాం. ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి మూడో ఇరుసుకు వెళ్లే షాఫ్టే పొట్టిదవుతుంది, మిగతావి కదలవు. నడుమ గొట్టం కోసి, రెండు కొసల్లోని యోక్‌లనూ (కీలును పట్టే చీలిక కొసలు) ఉంచుకోండి. మధ్యకు దాదాపు 3 మి.మీ. ఇత్తడి గొట్టమో ప్లాస్టిక్ గొట్టమో వేస్తే తిన్నగా వస్తుంది. అతికించేటప్పుడు షాఫ్ట్ రెండు కొసల యోక్‌లు ఒకే తలంలో ఉండాలి. ఒకటి నిలువు, ఒకటి అడ్డం పెడితే నిజం బండిలో షాఫ్ట్ తిరిగినప్పుడల్లా వేగం పెరుగుతూ తగ్గుతూ కొట్టుకుంటుంది. లారీ తెలిసినవాడు మోడల్ కింద అద్దం పెట్టి మొదట చూసేది దాన్నే.

పక్కలకు ఉండే ఇంధన ట్యాంకు, బ్యాటరీ పెట్టె, గాలి ట్యాంకులు 21 మి.మీ. తగ్గిన చోట పట్టవు. ఏవి ఎటు జరిగాయో ఎం983 ఫొటోలు రెండు వైపులవీ చూసి పెట్టుకోండి, ఎం977 గైడును నమ్మొద్దు. ట్యాంకు వెనక అంచుకూ మూడో చక్రానికీ మధ్య 2 మి.మీ. అయినా ఖాళీ ఉండాలి. అంతకన్నా తక్కువైతే చక్రం ఎగిరినప్పుడు రాసుకుపోతుందని చూడగానే తెలుస్తుంది.

ఫిఫ్త్ వీల్ పీఠం వెనక జంట నడిమధ్య కంటే కొంచెం ముందుకు ఉండాలి. వెనక్కి పోతే ట్రైలర్ ముక్కు బరువు ముందు ఇరుసులను పైకి లేపుతుంది. ఏ ట్రాక్టర్‌కైనా ఇదే లెక్క. ట్రైలర్ కింగ్‌పిన్ (ఫిఫ్త్ వీల్‌లో దిగే పిన్ను) ప్లాస్టిక్‌ది అయితే కోసేసి 1.5 మి.మీ. ఇత్తడి కడ్డీ గుచ్చండి. తగిలించి తీయడంలో ప్లాస్టిక్ పిన్ను మొదటే విరిగేది.

చక్రాలు తిప్పి పెట్టే ఆలోచన ఉంటే ముందు రెండు ఇరుసులూ తిరుగుతాయి, రెండోది తక్కువ. ఎం983 కొలతలతో లెక్కేస్తే మొదటిది 20 డిగ్రీలు తిరిగితే రెండోది 14.6 డిగ్రీల దగ్గర ఆగాలి. రెండింటినీ ఒకే కోణంలో పెట్టిన మోడళ్లు ఎన్నో కనిపిస్తాయి. పై నుంచి చూస్తే బండి పక్కకు పాకుతున్నట్టుంటుంది.

రంపపుపొట్టు:

36 అంకె ఎందుకు ఇమడలేదో ఇప్పుడు అర్థమైంది. కిట్‌లో రెండు-మూడు ఇరుసుల మధ్య కొలిస్తే 108.4 వచ్చింది. అంటే తీయాల్సింది 20.6 అన్నమాట.

ఇంకో రెండు. వినైల్ టైర్లు రిమ్ములను కరిగిస్తాయంటారు, ఈ కిట్‌లోనూ టైర్లు వినైలే. రెండోది, బండిని 1991 గల్ఫ్ యుద్ధం నాటిదిగా చేయాలి. కిట్ పెట్టెలో ఏ రకం క్యాబ్ ఉందో ఎలా తేల్చుకోవాలి?

కార్క్_రంగు:

టైర్ల సంగతి నిజమే. వినైల్‌ను మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ మెల్లగా బయటికొచ్చి పాలీస్టైరీన్‌ను తింటుంది. వెంటనే తెలియదు, నెలల తర్వాత రిమ్ము అంచు జిగటగా మారుతుంది, టైరు అతుక్కుపోతుంది. టైర్లను గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టండి. రిమ్ము టైరును తాకే గాడి మొత్తానికి అక్రిలిక్ రంగు రెండు పూతలు వేయండి, పూర్తిగా ఆరనివ్వండి. లాకర్ రంగొక్కటే వేసి వదిలేస్తే అది కూడా కరగొచ్చు. గాడిలో పలుచటి అల్యూమినియం రేకు చుట్టేస్తే మరీ మంచిది, పైకి కనిపించదు. దీర్ఘకాలం ఉండాలంటే రెసిన్ చక్రాలే దారి. ఎనిమిది, స్పేర్‌తో తొమ్మిది. బరువుకు కింద కొద్దిగా నలిగినట్టు పోసినవి దొరికితే అవి తీసుకోండి. మూడో, నాలుగో చక్రాలకే ఆ నలుగుడు బాగా కనిపించాలి, ట్రైలర్ బరువు అక్కడే పడుతుంది.

క్యాబ్ గురించి. హెమ్‌ట్ 1980ల మొదట్లో వచ్చింది. మొదటి తరానికి డెట్రాయిట్ డీజిల్ 8వీ92టీఏ ఇంజను, 445 హార్స్‌పవర్. తర్వాతి రకం ఏ2లో ఇంజను అదే, ఎలక్ట్రానిక్ నియంత్రణ చేరింది. ఏ4కు క్యాటర్‌పిల్లర్ సీ15, 500 హార్స్‌పవర్, కవచం బిగించుకునేలా గీసిన కొత్త క్యాబ్. అది 2008 నుంచి. అందుకని 1991 దృశ్యంలో ఏ4 క్యాబ్ పెడితే పదిహేడేళ్ల తేడా. పెట్టె మీద ఎం983 అని రాసి ఉంటే చాలదు, పేరు చివర ఏ4 ఉందా లేదా చూడండి. పాత కిట్ల ఎం977 అయితే మీ క్యాబ్ సరైనదే అయి ఉంటుంది.

ట్రైలర్ కూడా చూసుకోండి. 1991లో పేట్రియాట్ లాంచర్ అంటే ఎం901, నాలుగు పెద్ద పెట్టెలు, పెట్టెకొక క్షిపణి. పేట్రియాట్‌లోనే కొత్త రకం పీఏసీ-3 లాంచర్‌లో 16 చిన్న క్షిపణులు పడతాయి, అది తర్వాతి కాలానిది. రెండింటి పెట్టెల మూతలు ఎదురుగా చూస్తేనే తేడా తెలుస్తుంది, ట్రైలర్‌ను పక్క నుంచి చూస్తే మోసపోతారు.

రంగుకు రెండు దారులు. నాటో మూడు రంగులు కావాలంటే (ఎఫ్ఎస్ అంటే అమెరికా ప్రభుత్వ రంగుల పట్టీలో సంఖ్య) ఆకుపచ్చ ఎఫ్ఎస్ 34094, గోధుమ ఎఫ్ఎస్ 30051, నలుపు ఎఫ్ఎస్ 37030. ఎడారి ఇసుక రంగు అయితే ఎఫ్ఎస్ 33446. 1991 ఫొటోల్లో రెండూ కనిపిస్తాయి, ఒకే బారులో కలగలిసి కూడా. మూడు రంగుల మచ్చల నమూనా బండి రకాన్నిబట్టి మారుతుంది. ఎం977 గైడులో ఉన్న నమూనాను ఎం983 మీద సాగదీసి వేయొద్దు. అసలు నలుపు అచ్చంగా వాడితే 1/35లో బొగ్గు ముద్దలా ఉంటుంది, బూడిద రంగు పదో వంతు కలపండి.

ఈ సందర్భంలో ఒక పొరపాటు ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి చెప్తున్నా. క్యాబ్ వెనక క్రేన్ ఉన్న ఎం983 ఒకటుంది, పర్షింగ్ 2 క్షిపణి లాంచర్‌ను లాగింది అదే. చూడటానికి బాగుంటుంది కదా అని దాన్ని పశ్చిమ జర్మనీ అడవుల డయోరమాలో పెడతారు. అక్కడ పర్షింగ్ 2ను లాగింది జర్మన్ మాన్ ట్రాక్టర్, ఎం1001. హెమ్‌ట్ లాగింది అమెరికా గడ్డ మీద.

మూలమట్టం:

ఎం984 గురించి అడిగారు. ఛాసిస్ వరకు ఇదే పద్ధతి, రెండు-మూడు ఇరుసుల మధ్య 95.1. కానీ వెనక సస్పెన్షన్ ఎం977ది కాదు, ఇంకా బరువైనది. క్యాబ్ వెనక క్రేన్, తోకలో రికవరీ వించి, ఎత్తి లాగే సరంజామా. వించి సామర్థ్యమే 60,000 పౌండ్లు. అంటే కోత ఒక పూట పని, పై సామాను నెలల పని. మొదటి మార్పుగా అది వద్దు.

అసలు కోయకుండా అయ్యే రకాలూ ఉన్నాయి. ఎం978 ఇంధన ట్యాంకర్‌కు వీల్‌బేస్ ఎం977దే, 2,500 గ్యాలన్ల ట్యాంకు కట్టుకుంటే చాలు. పేట్రియాట్ దళం మొత్తం చేసే ఉద్దేశం ఉంటే మీరు కోయకుండా ఉంచే ఎం977ను కరెంటు బండిగా మార్చండి. 150 కిలోవాట్ల జనరేటర్లు రెండు ఎం977 మీదే ఎక్కించి, రాడార్‌కూ కంట్రోల్ స్టేషన్‌కూ కరెంటు ఇస్తారు. పెట్టెలు, గాలి జాలీలు, కేబుల్ చుట్టలు. షీటు ప్లాస్టిక్‌తో పోయే పని. క్షిపణి పెట్టెలు మోసే బండి ఎం985 మీద. దానికి క్రేన్ మార్చాలి, వెనక కమాన్ పట్టీలు గట్టివి పెట్టాలి.

రెసిన్‌మరక:

ఇంత కోత ఎందుకు? రెయిళ్లు రెండూ 3డీ ప్రింట్ చేస్తే కచ్చితంగా 87.8 వస్తుంది కదా. నా దగ్గర రెసిన్ ప్రింటర్ ఉంది, ఫైల్ గీసి ఇవ్వగలను.

మూలమట్టం:

ప్రింటర్‌లో కచ్చితంగానే వస్తుంది. అల్మారాలో అలాగే ఉండదు. రెసిన్ గట్టిపడ్డాక కూడా వెలుతురుకు ఇంకా ముడుచుకుంటూ పోతుంది. చిన్న ముక్కలో అది లెక్కలోకి రాదు. 200 మి.మీ. పైన పొడవు, మిల్లీమీటరు మందం ఉన్న సీ రెయిలులో అరటి పండులా వంపు తేలుతుంది. పైగా ఎండలో నిలబెడితే బరువుకు జారుతుంది. ఎక్కువ ప్రింటర్లలో అంత పొడవు నిలువుగా పట్టదు, ఏటవాలుగా పెడితే మెట్లు పడతాయి, ఆధారపు కాళ్ల మచ్చలు రెయిలు అంచు పొడవునా వస్తాయి.

ప్రింట్ చేయాల్సినవి వేరే ఉన్నాయి. ఫిఫ్త్ వీల్ పళ్లెం, యోక్‌లు, కరెంటు బండి గాలి జాలీలు, ఎం985 క్రేన్ తల. వాటికి రెసిన్‌ను మించింది లేదు. రెయిళ్లు కొత్తవే చేయాలనుకుంటే ప్లాస్టిక్ షీటుతో చేయండి. నడుమ పలక 0.5 మి.మీ., పై కింద అంచులు 0.5 మి.మీ. పట్టీలు. నడుమ పలకను రెండు రెయిళ్లకూ కలిపి ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి కోసి, రంధ్రాలూ ఒకేసారి వేస్తే కవలల్లా వస్తాయి. కిట్ రెయిళ్లు స్కేలుకు మందంగా ఉంటాయి కూడా, షీటువి సన్నగా అందంగా ఉంటాయి. కానీ బ్రాకెట్లన్నీ కిట్ నుంచి కోసి తెచ్చి అతికించాలి. ఓపిక ఉంటేనే.

రెసిన్‌మరక:

సరే, రెయిళ్లు వదిలేశా. ఫిఫ్త్ వీల్ పళ్లెం గీస్తాను. గొంతు చీలిక ట్రైలర్ వైపు, అంటే బండి తోక వైపే కదా?

ఎనిమిదిచక్రాలు:

తోక వైపే. పళ్లెం వెనక అంచు కొంచెం కిందికి వాలి ఉంటుంది, ట్రైలర్ లేనప్పుడు. పీఠం కీలు అడ్డంగా పెట్టండి, ముందు వెనకలకు ఊగుతుంది గానీ పక్కలకు కాదు. నలుపు రంగు, మధ్యలో గ్రీజు మెరుపు, అంచుల్లో గీరుకుపోయిన లోహం. గ్రీజుకు గ్లాస్ వార్నిష్‌లో చిటికెడు ముదురు గోధుమ పొడి కలిపితే సరిపోతుంది.

అడ్డబద్ద:

కోత మీద ఇంత చర్చ జరిగింది కాబట్టి ఎదురు అభిప్రాయం కూడా ఉండాలి. ట్రంపెటర్ కిట్ కంపెనీ నుంచి ఎం983, సరుకు పలకను తానే ఎక్కించుకునే ఎం1120, ఎం1142 అగ్నిమాపక బండి అన్నీ 1/35లో వచ్చాయి. ఒక్క ఎం983 మాత్రమే కావాలంటే ఆ కిట్టు దొరికితే కొని కట్టడమే మేలు. కోత సరదా కోసమైతే సరే. మిగిలిపోయిన కిట్టును వాడుకోవడం కోసమైతేనూ సరే. కోసినదే గొప్ప అన్న పట్టుదల మాత్రం నాకు అర్థం కాదు.

ఒకే ఛాసిస్ మీద రకరకాల బండ్లు కట్టే సరదా ఉన్నవాళ్లకు సోవియట్ ఎనిమిది చక్రాల సైనిక లారీ మాజ్-543 ఇంకా మంచి దినుసు. దాని ఇరుసుల దూరాలు 2200, 3300, 2200 మి.మీ. 1/35లో 62.9, 94.3, 62.9. టైరు 1500 మి.మీ. వ్యాసం, 600 వెడల్పు, అంటే మోడల్లో 42.9, 17.1. ఇంజను డీ12ఏ-525ఏ, 12 సిలిండర్లు, 38.8 లీటర్లు, 525 హార్స్‌పవర్, రెండు క్యాబ్‌ల మధ్య కూర్చుంటుంది. కుటుంబంలో తేడాలన్నీ చక్రాల వరసలో కాదు, ముందు మొహంలో. 543ఏలో క్యాబ్‌లు ముందుకు జరిగాయి, వెనక చోటు పెరిగింది. 543ఎంలో కుడి క్యాబ్ ఎగిరిపోయింది, ఎడమదొక్కటే.

అందుకే స్కడ్ క్షిపణి లాంచర్ 9పీ117 కిట్టు తీసుకుని దాని మీద ఎస్-300 విమాన విధ్వంసక క్షిపణి గొట్టాలు పెట్టేస్తే కుదరదు. స్కడ్‌ది జంట క్యాబ్‌ల 543, ఎస్-300పీఎస్‌ది 543ఎం. ఎస్-300 కిట్టు ఉన్నవాళ్లకు మాత్రం సులువైన మార్పు ఒకటుంది. ఎస్-300పీఎస్ లాంచర్ 5పీ85ఎస్‌లో డ్రైవర్ క్యాబ్ వెనక కంట్రోల్ క్యాబిన్ ఉంటుంది. దాని వెంట నడిచే లాంచర్ 5పీ85డీకి ఆ క్యాబిన్ లేదు. క్యాబిన్ తీసేసి, అక్కడ బయటపడే ఫ్రేమ్ పైభాగం, పైపులు, కేబుళ్లు కట్టుకోవాలి. కిట్ ఆ భాగాన్ని ఎలాగూ కనిపించదని బోసిగా వదిలేస్తుంది, పని అంతా అక్కడే. రెండు లాంచర్లూ పక్కపక్కన పెడితే ఒకే కిట్టు అని ఎవరూ అనరు.

రంపపుపొట్టు:

ట్రంపెటర్ ఎం983 కొనడం కన్నా చేతిలో ఉన్న ఎం977ను వాడటమే ఉద్దేశం. జిగ్ పలక కోశాను. ఒక సందేహం. మెట్టు కోతలో పై సగం ముందు ఉండాలా, కింద సగం ముందు ఉండాలా?

మూలమట్టం:

ముందు ముక్కలో కింద సగం పొడుగ్గా ఉండాలి, వెనక ముక్క పై సగం దాని మీద కూర్చోవాలి. ఫిఫ్త్ వీల్ బరువు వెనక ముక్కను కిందికి నొక్కినప్పుడు మెట్టు దాన్ని మోస్తుంది. తిరగేసి పెడితే బరువంతా జిగురు మీద పడుతుంది. జిగ్‌లో ఫ్రేమ్ తలకిందులుగా ఉంటుంది కాబట్టి గీసేటప్పుడే రెయిలు పై అంచున పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.